పిందె నిలవని ఏడాది

మా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కి నేను సెక్రటరీని. ఎవరూ ముందుకు రాకపోతే నన్ను పట్టుకుని కూర్చోబెట్టారు, నేనూ ఉబ్బిపోయి కూర్చున్నాను. ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు నాది. పగలంతా ఇనుముతో గొడవ, సాయంత్రం పెందుర్తి వచ్చాక లిఫ్టుతో, మోటారుతో, డ్రైనేజీతో గొడవ. అన్నిటికీ నా దగ్గర ఒకటే వైద్యం. ఫోన్ తియ్యడం, ఎవడో ఒకణ్ణి పిలిపించడం, పని అయిపోయిందనిపించడం. "మన సెక్రటరీ గారు పని రాక్షసుడండీ" అని మూడో అంతస్తు మేష్టారు అన్న రోజున నేను ఇంకో ముద్ద ఎక్కువ తినేవాణ్ణి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మాట కోసమే సగం పనులు చేసేవాణ్ణి.

ఆ ఏడాది వానలు మొదలవుతున్నప్పుడు మేడ మీద నీళ్ళ ట్యాంకు కింద తేనెపట్టు పట్టింది. చిన్నదేం కాదు, సగం తలుపంత ఉంటుంది. నల్లగా వేలాడుతూ, మనిషి అలికిడైతే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారి జలదరించేది. వాటి మానాన అవి ఉండేవి, మా మానాన మేముండేవాళ్ళం. ఒకరోజు ఐదో అంతస్తు పెద్దావిడ బట్టలు ఆరేయడానికి వెళ్ళి, తడి దుప్పటి సరిగ్గా దాని కిందే విదిలించింది. రెండో మూడో కుట్టాయి. కన్ను మూసుకుపోయి, చెంప బూరెలా పొంగింది. ఇంకేముంది, వాట్సాప్ గ్రూపులో ఫొటోల మీద ఫొటోలు. సెక్రటరీ ఏం చేస్తున్నట్టు, రేపు ఎవరికైనా ప్రాణం మీదకొస్తే ఎవరిది పూచీ, అని ఒకటే గోల.

మా వాచ్‌మేన్ భార్య ఒక్కతే వద్దంది. "ఉంచండి బాబూ, ఆటి పని అయిపోతే అయ్యే ఎల్లిపోతాయి. ఆ మేడ తలుపుకి నాలుగు రోజులు తాళం ఎయ్యండి, సాలు" అంది. నేను నవ్వాను. తాళం వేస్తే పని చేసినట్టు ఎవరికి కనిపిస్తుంది?

మర్నాడు సాయంత్రం పురుగుల మందు కొట్టేవాళ్ళు ఇద్దరు ముసుగులేసుకుని వచ్చారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నేను మెట్ల దగ్గర అద్దం తలుపు వెనక నిలబడి చూశాను. చినుకుల చప్పుడు వినిపించింది, వాన అనుకున్నాను. అవి కింద పడుతున్న చప్పుడు. పొద్దున్నే వాచ్‌మేన్ భార్య చేట నిండా ఎత్తి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ ఎత్తింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. రెండో అంతస్తు ఆయన మాత్రం లుంగీ ఎగ్గట్టుకుని పైకొచ్చి "తేనె ఏమైనా దక్కిందాండీ?" అని అడిగాడు. మందు కొట్టిందండీ, తాగితే మీరే దక్కరు అన్నాను. అందరం నవ్వుకున్నాం. గ్రూపులో నాకు దండాల బొమ్మలు పెట్టారు.

ఇప్పుడు మా అప్ప సంగతి చెప్పాలి. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకంటే ఆరేళ్ళు పెద్దది. అమ్మ జబ్బుతో మంచం పట్టినప్పుడు నాకు జడ వెయ్యడం తప్ప అన్నీ చేసిన మనిషి. ఆమెని పెందుర్తిలోనే ఇచ్చారు. అప్పటికి అది ఊరు, ఇప్పుడు కాలనీల మధ్య ఇరుక్కున్న నాలుగు వీధులు. మా అపార్ట్‌మెంటు నుంచి పది నిమిషాలు నడిస్తే బావ పొలం. ముప్పాతిక ఎకరం. మూడు వైపులా మేడలు, నాలుగో వైపు ప్లాట్లకి పాతిన రాళ్ళు. ఆ నడుమ ఆ కాస్త పచ్చగా ఉండేది.

అది బావ ఒక్కడిది కాదు. ఇద్దరు తమ్ముళ్ళకీ వాటా ఉంది. వాళ్ళకి ఎప్పటి నుంచో బిల్డరుకి ఇచ్చెయ్యాలని. ఏటా గొడవే. ఆ ఏడాది ఉగాది వెళ్ళాక ముగ్గురూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. నేనూ ఉన్నాను అక్కడ. బావ చాలా తక్కువ మాట్లాడే మనిషి, ఆ రోజు మాత్రం తనే ముందు నోరు తెరిచాడు.

"దసరా వరకు ఆగండిరా. ఈ పంట నిలబడితే ఇంకో ఐదేళ్ళు ఈ బూమి ఊసెత్తకండి. నిలబడకపోతే మీరు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టెత్తాను సంతకం."

తమ్ముళ్ళు సరే అన్నారు. అప్ప లోపల్నుంచి వచ్చి "పెద్ద మొనగాడు వచ్చేడండి, పందేలు కాత్తన్నాడు" అని దెప్పింది గానీ, ఆమె మొహం వెలిగిపోయింది. ఆ నేల పోతే ఆమె బతుకులో ఇంకేం లేదు. పొద్దున్న లేస్తే పాదుల్లోకి, సాయంత్రం దీపం పెట్టే ముందు పాదుల్లోకి. ఇంట్లో కంటే అక్కడే ఎక్కువ మాట్లాడేది, పాదులతోనే.

పంట అంటే బూడిద గుమ్మడి. మా ఆటోనగర్‌లో దసరా అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. ప్రతి షెడ్డులోనూ ఆయుధ పూజ. మిషన్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఒక్కో మిషనుకి, ఒక్కో లారీకి, గేటుకి, చివరికి వెల్డింగు సెట్టుకి కూడా దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొడతారు. ఆ రోజు సాయంత్రానికి రోడ్ల మీద కాలు పెట్టే సందుండదు, అంతా ముక్కలూ కుంకుమ నీళ్ళూ. కాయ గుండ్రంగా, బూడిద పట్టి, నిండుగా ఉండాలి. వంకర కాయకి దిష్టి పోదంటారు మావాళ్ళు. బావ కాయంటే మా వీధిలో అందరికీ గురి. ఆ ఏడాది నేనే షెడ్డు షెడ్డుకీ తిరిగి, ఇంకెవరి దగ్గరా తీసుకోకండి, మా బావ కాయే తీసుకోండి అని చెప్పి వచ్చాను. పూర్ణా మార్కెట్‌లో ఆయన కాయలు ఎప్పుడూ తీసుకునే పాతూరి భాయ్ కూడా మిగిలినవన్నీ తనకే కావాలన్నాడు.

శ్రావణంలో పూత వచ్చింది. ఏం పూత! తెల్లవారేసరికి పొలమంతా పసుపు. ఆడపువ్వు కింద బొటనవేలంత పిందె, ఒళ్ళంతా నూగుతో, పుట్టినప్పటి నుంచే కాయ ఆకారంలో ఉంటుంది. అప్ప నన్ను పిలిచి మరీ చూపించింది. "సూడరా, ఎన్ని ఆడపువ్వులో. ఈయేడు మీ బావ తమ్ముళ్ళ నోటికి తాళం ఎయ్యడానికి గుమ్మడికాయే సాలు" అంది.

వారం తిరక్కుండా పిందెలు పండిపోవడం మొదలైంది. పండటమంటే మంచి మాటనుకునేరు. పసుపు రంగుకి తిరిగి, మెత్తబడి, తొడిమ దగ్గర ఊడి రాలిపోవడం. ముందు పది, తర్వాత చాళ్ళకి చాళ్ళు. పొద్దున్న వెళితే పాదుల కింద అవే.

బావ ఆకులు తిరగేసి చూశాడు. ఎర్ర పెంకు పురుగులు కొన్ని కనిపించాయి. అవి ఏటా ఉండేవే, కానీ భయం పట్టినవాడి కంటికి పురుగు పెద్దదిగా కనిపిస్తుంది. "పురుగే తినేత్తన్నాది బావా. మందు తేవా?" అన్నాడు నాతో. ఆయన నాకంటే పెద్దవాడే గానీ, మా ఇద్దరి మధ్యా బావా అంటే బావా అనే పిలుపు.

శనివారం షాపు కట్టేసి వస్తూ మందుల కొట్టులో ఆగాను. కొట్టతను పెద్ద మనిషి. "పూత మీదుందా పంట?" అని అడిగాడు. అవునన్నాను. "అయితే సాయంత్రం కొట్టండి. పువ్వు ముడుసుకున్నాక. పొద్దున్న మాత్రం కొట్టీకండి" అన్నాడు. సరే సరే అని సీసా సంచిలో వేసుకున్నాను. ఎందుకని అడగలేదు. అడిగితే నా సొమ్మేం పోయింది? మిషన్లకి ఏ ఆయిలు ఎందుకు వెయ్యాలో గంటసేపు చెప్పగలను, ఇక్కడ ఒక్క ప్రశ్న రాలేదు నా నోట్లోంచి.

మర్నాడు ఆదివారం. సాయంత్రం మా ఆవిడ వైపు వాళ్ళింట్లో ఫంక్షన్. బావకేమో పంపు వీపుకి తగిలించుకుంటే నడుం పట్టేస్తుంది, నేనే కొట్టాలి. కొట్టతను చెప్పింది గుర్తు లేక కాదు. గుర్తుంది. పొద్దున్నయితేనేమిటి, సాయంత్రమైతేనేమిటి, పురుగు చస్తే చాలదా అనుకున్నాను. బావకి ఆ మాట చెప్పను కూడా చెప్పలేదు. ఏడు గంటలకి, పువ్వులన్నీ విచ్చుకుని ఉండగా, చివరి నుంచి చివరికి తడిపేశాను. పువ్వుల్లోకి కూడా కొట్టాను, అక్కడేమైనా దాక్కుంటాయేమోనని. తొమ్మిదిన్నరకి పంపు దించేసి, సాయంత్రానికి స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని ఫంక్షన్‌కి తయారైపోయాను.

పెంకు పురుగులు చచ్చాయి. పిందెలు మాత్రం రాలుతూనే ఉన్నాయి, అంతకు ముందు కంటే ఎక్కువగా. ఎక్కడో నిలిచిన ఒకటీ అరా కాయలు కూడా ఒక పక్క లావెక్కి, ఇంకో పక్క నొక్కేసినట్టు వంకర తిరిగాయి. అప్ప వాటిని చూసి "ఇదేటి పుటకరా నాయనా" అని నెత్తి కొట్టుకుంది.

బావ అలాంటి కాయలు రెండు కోసి సంచిలో వేశాడు. నా బండి వెనక కూర్చుని పూర్ణా మార్కెట్‌కి వచ్చాడు. పాతూరి భాయ్ ఆ కొట్లోనే పుట్టి పెరిగిన మనిషి, వాళ్ళ తాత నాటి నుంచి కాయగూరల వ్యాపారం. కాయ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు, వేలితో తట్టాడు. తర్వాత కత్తి తీసుకుని నిలువునా కోశాడు. లావుగా ఉన్న పక్క గింజలు నిండుగా ఉన్నాయి. నొక్కుకుపోయిన పక్క అన్నీ తాలు, గోరంత పొట్టు, లోపల ఏమీ లేదు.

"దేఖో భాయ్," అన్నాడు. "గింజ ఉన్న కాడే కాయ పెరుగుతాది. గింజ ఎప్పుడు పడతాది? మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకి తగిల్తే పడతాది. ఈ పక్క తగిలింది, ఈ పక్క తగల్లేదు. రాలిపోయిన ఆటికి అసలే తగల్లేదు. మీ కాడ తేనెటీగలు నేవా?"

బావ ఆలోచించాడు. "ఉండీయి. పొద్దున్నయితే జుయ్యిమని ఒకటే రొద. ఈ మద్దిన ఇనపడ్డం నేదు" అన్నాడు.

"అదే మరి. నాకు ఇప్పుడు అన్ని ఊళ్ళ నుంచీ ఇలాంటి సరుకే వత్తంది. దోసకాయ వంకర, కాకర వంకర. పది కాయలు కోత్తే నాలుగు ఇలగే ఉంటన్నాయి. ఈగ నేకపోతే గుమ్మడికాయా నేదు, పుచ్చకాయా నేదు, వంకాయ కూడా సగమే. మనం మందులు కొట్టేసి, పట్లు తీసేసి, చెట్లు కొట్టేసి, పంట రాలేదంటే ఎలగొత్తాది భాయ్?"

పట్లు తీసేసి. ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు, నన్ను ఉద్దేశించి కాదు. పక్క కొట్టులోంచి ఎవరో అల్లం బస్తా లాగుతున్నారు, దారివ్వమని నన్ను రెండుసార్లు అరిచారట. వినపడలేదు. చేటల కొద్దీ ఎత్తిపోసిన ఆ నల్లటి గుట్టలే కళ్ళ ముందు కనపడుతున్నాయి. మేడ మీద నుంచి బావ పొలం కనిపిస్తుంది. అంటే పొలం నుంచీ మా మేడ కనిపిస్తుంది. అవి ఎక్కడి నుంచి వచ్చేవో, ఎక్కడికి పోయేవో అర్థం చేసుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

తిరుగు ప్రయాణంలో బావ వెనక నుంచి అడిగాడు. "మీ మేడ మీద పట్టుండేది కదా బావా, అదేటయినాది?"

"ఎగిరిపోనాయి బావా. ఆటికాయే" అన్నాను.

ఆయన మళ్ళీ, "మందు పొద్దున్న కొట్టేం మనం" అన్నాడు. మనం అన్నాడు. కొట్టింది నేను. అప్పుడు మాత్రం ఉండబట్టలేక కొట్టతను సాయంత్రం కొట్టమన్న సంగతి చెప్పేశాను. మర్చిపోయాననే చెప్పాను, అది కూడా సగం అబద్ధమే. దానికి ఆయన, ముందు లారీ ఉంది, చూసుకుని పోనియ్యమన్నాడు.

ఆ సాయంత్రం భాయ్ చెప్పిందంతా బావ అప్పకి చెప్పాడు. ఈగలు లేవనీ, ఉన్న కొన్ని మందుకి చచ్చాయనీ. కొట్టతను నాకు చెప్పిన సంగతి మాత్రం ఎత్తలేదు. నేనూ పక్కనే కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాను. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. తెరవలేదు. మందు చల్లింది నేనే అయినా, తెమ్మన్నది బావ కాబట్టి అప్ప ఆయన మీద పడింది. "పూత మీద ఇసం కొడతారేటి ఎవులైనా? ముప్పై యేల్లు ఎవసాయం సేసినావ్, నీకు తెలవదేటి?" అని అరిచింది. ఆయన తలొంచుకుని విన్నాడు. నేను టీ అంతా తాగి గ్లాసు కింద పెట్టాను.

అప్ప అంతటితో ఊరుకునే రకం కాదు. ఈగ చెయ్యాల్సిన పని నేనే చేస్తానంది. చిన్నప్పుడు మా నాన్నమ్మ పెరట్లో ఒక పొట్లపాదుకి అలా చెయ్యడం చూసిందట. తెల్లవారుజామునే లేచి, మగపువ్వు కోసి, రెక్కలు తుంపేసి, మధ్యలో ఉండే పుప్పొడి కాడని ఆడపువ్వు లోపల మెల్లగా రాయడం. ఒక్కో మగపువ్వుతో రెండు మూడు ఆడపువ్వులకి. చూడ్డానికి చిన్న పనే. ముప్పాతిక ఎకరంలో, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, తీగలు తొక్కకుండా వంగి వంగి, ఎండ ఎక్కి పువ్వు ముడుచుకునే లోపు చెయ్యాలి. మొదటి రోజు చేసి వచ్చాక నడుం పట్టుకుని "పెళ్ళిల్ల పేరమ్మనైపోనాను రా" అని నవ్వింది. రెండో రోజు నవ్వలేదు.

బావ కూడా దిగాడు. ఆయన వేళ్ళు మొద్దువి, రాస్తుంటే ఆడపువ్వు లోపలి భాగం విరిగిపోయేది. అప్ప తిట్టేది. నేను ఆదివారాలు వెళ్ళి చేశాను. గంటసేపు వంగితే కళ్ళు తిరిగాయి. ఒక ఈగ ఎన్ని పువ్వుల మీద వాలుతుందో, ఎంత తేలిగ్గా వాలుతుందో, పట్టులో అలాంటివి ఎన్ని ఉండేవో అప్పుడు తెలిసొచ్చింది. అవన్నీ రోజూ పొద్దున్నే వచ్చి, ఎవరూ పిలవకుండా, ఎవరినీ ఏమీ అడక్కుండా ఈ పని చేసి వెళ్ళిపోయేవి. మేం ముగ్గురం చచ్చీ చెడీ నాలుగు చాళ్ళు చేసేవాళ్ళం.

ఒకసారి తెలిశాక ఇంక ఎక్కడ చూసినా అదే కనిపించేది. ఆటోనగర్ వెళ్ళే దారిలో రోడ్డు వెడల్పు కోసం కొట్టేసిన కానుగ చెట్ల మొదళ్ళు. కాలనీలో సాయంత్రం పూట దోమల పొగ బండి. ప్రతి అపార్ట్‌మెంటు గోడ మీదా తేనెపట్లు తీయబడును అని ఫోన్ నంబరుతో కాగితం. నాలాంటి సెక్రటరీలు ఊరంతా ఉన్నారు. అందరమూ మంచి పేరు తెచ్చుకున్నవాళ్ళమే.

అయినా అప్ప పంతం వల్ల కొన్ని పిందెలు నిలిచాయి. చేత్తో తడిమి చూసుకునేది, గట్టిపడుతున్నాయని సంబరపడేది. దసరాకి కాయ ముదరాలంటే భాద్రపదం మొదట్లో పడ్డ పిందె నిలవాలి, ఆ తర్వాత పడ్డది లేతగానే ఉండిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లో అల్పపీడనం పట్టింది. ఐదు రోజులు ఒకటే ముసురు. పువ్వు విచ్చుకోగానే పుప్పొడి తడిసి ముద్దయిపోయేది. అప్ప గొడుగు పట్టుకుని పాదుల్లో కూర్చునేది, ఒక్కో పువ్వు మీదా గొడుగు పెట్టి రాసేది. ఐదో రోజుకి ఒళ్ళు కాలిపోతూ మంచం ఎక్కింది. వాన వెలిసేసరికి ఆ వారం పువ్వులన్నీ పాదుల కింద కుళ్ళి ఉన్నాయి.

ఆ రోజు నేను ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్ళి దింపి, లోపల కూర్చోబెడుతున్నాను. బావ మందులూ నీళ్ళూ తెచ్చాడు. ఆయన్ని చూడగానే ఆమెకి ఎక్కడి కోపం వచ్చిందో. "నీ సేతుల్తో నువ్వే సంపేసినావ్. సేన్లో పువ్వు దగ్గర ఇసం పోసినోడికి బూమెందుకు? ఇచ్చీ, నీ తమ్ముల్లకి ఇచ్చీ, సంతకం పెట్టీ!" అంది. గట్టిగా, ఆసుపత్రిలో వాళ్ళందరూ వినేలా. బావ నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి బయటికెళ్ళిపోయాడు. వెళుతూ నా వైపు చూస్తాడేమోనని నేను తల తిప్పుకున్నాను. చూశాడో లేదో కూడా నాకు తెలియదు.

వారం రోజులకి ఆయన సంతకం పెట్టేశాడు. దసరా దాకా కూడా ఆగలేదు.

దసరా వచ్చింది. మా షెడ్లన్నిటికీ ఎక్కడి నుంచో లారీలో కాయలు వచ్చాయి. నా లేత్ ముందు దిష్టి తీసి నేనే పగలగొట్టాను. ముక్కల నిండా తెల్లటి గింజలు, రెండు పక్కలా నిండుగా. ఆ లారీ వచ్చిన చోట ఎవరూ ఇంకా సెక్రటరీ కాలేదన్నమాట. చేతులు కడుక్కుని షట్టరు దించి, లోపల మిషను పక్కన కూర్చుని ఏడ్చాను. పూజ రోజున ఏడుపేమిటని మా ఆవిడ తర్వాత తిట్టింది.

దీపావళి ముందు ఒక పొద్దున్న పొలం వైపు వెళ్ళాను. బిల్డరు మనుషులు అప్పటికే ముగ్గు గీతలు గీసి పోయారు. పాదులింకా పచ్చగానే ఉన్నాయి, చివరి పూత కొంత ఉంది. బావ ఆ చివర కంచె కర్రలు పీకుతున్నాడు. అప్ప పాదుల మధ్య వంగి, మగపువ్వు రెక్కలు తుంపి ఆడపువ్వుకి రాస్తోంది.

"ఇంకెందుకే అప్పా? ఇచ్చేసేం కదా" అన్నాను.

"ఇచ్చింది మేం. ఈటికేం తెలుసు?" అంది తలెత్తకుండా.

అక్కడ నాకు ఇంక చేత కాలేదు. గట్టు మీద కూలబడి అంతా చెప్పేశాను. మేడ మీద పట్టు నేనే తీయించాననీ, ఎగిరిపోయాయని అబద్ధమాడాననీ, కొట్టతను సాయంత్రం కొట్టమని చెప్పినా నా ఫంక్షన్ కోసం పొద్దున్నే కొట్టాననీ. గుర్తుండే కొట్టాననీ. బావ తప్పు ఇందులో గింజంత లేదనీ.

అప్ప చేతిలోని పువ్వు అలాగే పట్టుకుని నడుం ఎత్తింది. తర్వాత అక్కడి నుంచే కేక వేసింది. "ఇలగ్రా ఓసారి!"

బావ వచ్చాడు. నా మొహం చూడగానే ఆయనకి అర్థమైపోయింది.

"నీకు తెలుసా?" అంది అప్ప.

"మందు సంగతి ఆ రోజే సెప్పేడు. పట్టు సంగతి ఆల వాచ్‌మేన్ పెళ్ళాం సెప్పింది, తోటకూర కొనడానికొచ్చి. సానా రోజులయినాది."

"మరి నాను అన్నన్ని మాటలంతంటే ఎందుకు ఊరుకున్నావ్? ఆసుపత్రిలో అందరి ముందర అన్నాను కదా! ఒక్క మాట సెప్పుంటే సంతకం పెట్టనిద్దునా నాను?"

బావ చేతికంటిన మట్టి లుంగీకి తుడుచుకున్నాడు. "సెప్తే ఏటొత్తాది? పంట ఎలగూ పోనాది. బూమీ పోతాది. తమ్ముడొక్కడయినా ఉంటాడు నీకని."

అని మళ్ళీ కర్రలు పీకడానికి వెళ్ళిపోయాడు. అప్ప చేతిలో పువ్వు కింద పెట్టేసి, ఆయన వెనకే వెళ్ళింది, కర్ర రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి లాగారు. నేను సాయం పట్టబోతే అప్ప నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ రోజు నుంచి మా అప్ప నాతో మాట్లాడటం లేదు. బావ మాత్రం ఆదివారాలు ఫోన్ చేస్తాడు, టిఫిన్ చేశావా అని అడుగుతాడు.